స్టాంపులంటించిన కవరు జతపరచవలెను

ఇప్పుడు పత్రికకి వ్యాసం పంపాలంటే ముందు పాస్‌వర్డు కావాలట. అందులో ఒక పెద్ద అక్షరం, ఒక అంకె, ఒక నక్షత్రమో గీతో ఉండి తీరాలట. మా అన్నయ్య మనవరాలు మొన్న పండక్కి వచ్చి పూటంతా ఆ పాస్‌వర్డుతోనే కుస్తీ పట్టింది. వ్యాసం సంగతి దేవుడెరుగు. మా రోజుల్లో గోందు సీసా ఒకటుంటే సరిపోయేది.

ఆ పిల్ల ఒక ఇంజనీరింగు కాలేజీలో లైబ్రేరియను. నేను చీపురుపల్లి శాఖా గ్రంథాలయంలో చేరేనాటికి మనది శ్రీకాకుళం జిల్లా. 1979 జూన్ ఒకటిన విజయనగరం జిల్లా పుట్టింది. తాఖీదులొచ్చే దిక్కు మారింది కానీ నా బల్ల మారలేదు, బల్ల మీద బీటా పూడలేదు. ఇద్దరిదీ ఒకటే వృత్తి కాబట్టి కలిసినప్పుడల్లా దెబ్బలాట ఖాయం. "ఏటి తాతా, నోరిప్పితే మా రోజుల్లో మా రోజుల్లో అంటావు" అంటుంది. అంటాను. అవి నా రోజులు కాకపోతే మరెవరివి?

గ్రంథాలయాల మీద తెలుగులో పత్రిక అంటే మాకు గ్రంథాలయ సర్వస్వమే. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో అయ్యంకి వెంకటరమణయ్య గారు మొదలెట్టారు. అంతకు ముందు 1914 ఏప్రిల్ 10న బెజవాడలో గ్రంథాలయాల వాళ్ళందర్నీ పోగేసి, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారిని అధ్యక్షుడిగా కూర్చోబెట్టి సభ జరిపించిందీ ఆయనే. సంఘమంటూ ఏర్పడ్డాక దానికో నోరు కావాలి కదా, అదే ఆ పత్రిక. మధ్యమధ్య ఆగింది, మళ్ళీ లేచింది. 1935లో కాలువల మీద పడవలో పుస్తకాలు తిప్పిన పాతూరి నాగభూషణం గారు తరవాత దాన్ని భుజానికెత్తుకున్నారు. గ్రంథాలయశాస్త్రానికి అయిదు సూత్రాలు చెప్పిన రంగనాథన్ గారి పుస్తకం అచ్చయింది 1931లో. అప్పటికే ఎన్నో ఏళ్ళుగా మనవాళ్ళు పల్లెటూరి గ్రంథాలయం ఎవరు నడపాలి, చందా ఎవరివ్వాలి, చదువురాని వాడికి పుస్తకం ఎలా అందించాలి అని తెలుగులో వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదనంతా పుస్తకం చేత్తో పట్టుకుని, దుమ్ము దులిపి, రిజిస్టరు రాసేవాళ్ళు చేసినది. ఇది గుర్తుపెట్టుకోండి, నా గొణుగుడంతా దీని చుట్టూనే.

మరి మేం ఎలా పంపేవాళ్ళమంటారా? రూళ్ళ కాగితం పనికిరాదు, తెల్ల ఠావు తెచ్చుకోవాలి. ఎడమపక్క రెండంగుళాలు మడత పెట్టి వదిలెయ్యాలి. ఒకవైపే రాయాలి. కింద కార్బను కాగితం పెట్టుకోవాలి. గట్టిగా రాస్తే పైకాగితం చిరుగుతుంది, మెత్తగా రాస్తే నకలు పడదు. తెలుగు టైపు మిషను మా బోటివాళ్ళకి ఎక్కడ దొరుకుతుంది? దస్తూరీయే మన టైపు. ఆ రోజుల్లో ఏ పత్రికకైనా ఒకటే షరతు, ప్రచురణకు తీసుకోని రచన తిరిగి కావాలంటే స్టాంపులంటించిన కవరు జతపరచవలెను. ఆ కవరు మీద మన చిరునామా మనమే రాసుకోవాలి. తన చావు కబురు తనే రాసుకుని టపాలో వేసుకున్నట్టుండేది.

దానికి ముందు పై ఆఫీసు వాళ్ళ అనుమతి. ఏ ఆఫీసో అడక్కండి. గ్రంథాలయం గురించి గ్రంథాలయ పత్రికకి గ్రంథాలయోద్యోగి రాస్తానంటే ఫైలు నడవాలట. అక్కడి గుమాస్తా వ్యాసం మొత్తం చదివి, ఒక సున్నితమైన ప్రశ్న వేశాడు, "పారితోషికం వస్తుందా?" అని. రాదన్నాను. "మరెందుకు రాస్తున్నావు?" అన్నాడు. అప్పుడు నాకు కోపమొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ మాట మనసులోంచి వచ్చిన ప్రశ్నే అనిపిస్తుంది. ఇవాళ మా మనవరాలి పోర్టల్లో అన్ని గడులూ ఉన్నాయి కానీ ఎందుకు రాస్తున్నావు అన్న గడి ఒక్కటీ లేదు.

అనుమతొచ్చాక పోస్టు. తొందరుంటే స్టేషనుకే పోయేవాళ్ళం. చీపురుపల్లి హౌరా-మద్రాసు పెద్ద లైను మీదుంది కదా, టపా పెట్టె ఉన్న బండి ఆగినప్పుడు, ఆలస్యపు రుసుముకి అదనంగా స్టాంపంటించి, ఆర్.ఎం.ఎస్. వాళ్ళ పెట్టెకున్న చీలికలో జారవిడిస్తే ఒక పూట కలిసొచ్చేది. లోపల దీపాల వెలుగులో ఉత్తరాలు గూళ్ళలోకి విసురుతూ మనుషులు కనబడేవారు. వాళ్ళూ మాలాగే వర్గీకరణ చేసేవాళ్ళే అనుకునేవాణ్ణి. ఇప్పుడు రిజిస్టరు పోస్టుని కూడా 2025లో స్పీడుపోస్టులో కలిపేశారు. మనం పంపినది చేరిందని చేత్తో సంతకం పెట్టిన అక్నాలెడ్జిమెంటు కార్డు నెలకో రెణ్ణెల్లకో ఇంటికొచ్చి వాలితే ఉండే ధీమా ఇప్పటి పిల్లలకి ఎలా చెప్పాలి?

జవాబు ఆలస్యమయ్యేది, కాదనను. ఒక్కోసారి వానాకాలం పోయి మళ్ళీ వానాకాలం వచ్చేది. కానీ వచ్చినప్పుడు దాంట్లో మనిషుండేవాడు. పెన్సిలుతో మార్జిన్లో రాతలుండేవి. ఇది మీరు చేసి చూసిందా, ఎక్కడైనా చదివిందా అని ఒకచోట అడిగేవారు. ఈ పేరా తీసేస్తే వ్యాసం నిలబడుతుంది అని ఇంకోచోట రాసేవారు. తీసేస్తే నిజంగానే నిలబడేది, అదే ఒళ్ళుమంట.

ఇంతకీ ఏం రాసేవాళ్ళం? చెప్తాను, ఎందుకంటే అసలు తగాదా అక్కడే.

పేర్లు. తెలుగువాడి పేరు సూచీ కార్డు మీద ఏ అక్షరం కింద పెట్టాలి? మనకి ఇంటిపేరు ముందుంటుంది. దొరలకి చివరుంటుంది. రంగనాథన్ గారు అరవదేశం వారు, ఆయనకి ఇంటిపేరు గొడవే లేదు. 1934లో ఆయన రాసిన సూచీ నియమావళిలో అసలు పేరు ముందు రాసి, పొడి అక్షరాలు వెనక బ్రాకెట్టులో పెట్టమన్నారు. రంగనాథన్ (ఎస్.ఆర్.) అలాగ. సరే, అదే పద్ధతి మా ఉత్తరాంధ్రకి తెచ్చి చూడండి. కాళీపట్నం రామారావు గారు 'రామారావు' కిందకి పోతారు. ఆ కింద ఎంతమంది రామారావులున్నారో మీకు తెలీందా? ఎవరైనా వచ్చి "రామారావు గారి కథలు ఇవ్వండి" అని అడిగారా? "కారా మాస్టారి కథలు" అని అడిగారు. చాగంటి సోమయాజులు గారు చాసో. రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు రావిశాస్త్రి. భాగవతుల శంకరశాస్త్రి గారు ఆరుద్ర. శ్రీరంగం శ్రీనివాసరావు ఎవరో మా నెల్లిమర్ల జూట్‌మిల్లు నుంచి వచ్చే పాఠకుడికి తెలీదు, శ్రీశ్రీ తెలుసు. గురజాడ అప్పారావు గారిని మాత్రం ఎవరూ అప్పారావు అనరు, ఆయనకి ఇంటిపేరే పేరు. అంటే ఒకే బీరువాలో ఒకాయనకి ఇంటిపేరు, ఒకాయనకి పొడి అక్షరాలు, ఒకాయనకి కలంపేరు. ఏ నియమం పెట్టినా ఏదో ఒక పాఠకుడు ఉత్తచేతులతో పోతాడు. దీనికి మేం చేసింది ప్రతి రచయితకీ రెండేసి, మూడేసి కార్డులు రాసి, ఒకదాన్నించి ఇంకోదానికి 'చూడుము' అని దారి చూపించడం. అలా రాయడానికి ఎన్ని కార్డులు ఖర్చవుతాయి, సొరుగులో ఎంత జాగా పడుతుంది, ఏ పేరుతో పాఠకులు ఎక్కువగా అడిగారు, ఇదీ వ్యాసం. చదివిన ఇంకో ఊరి లైబ్రేరియను, మా ఊళ్ళో అలా కాదండీ అంటూ జవాబు రాసేవాడు. వాదన అయ్యేది.

తరవాత సున్నా. 'అంగర' అనే ఇంటిపేరు 'అక్కిరాజు'కి ముందు రావాలా వెనకా? క్ష అనే అక్షరం క కింద పెట్టాలా, బాలశిక్షలో లాగ చిట్టచివర పెట్టాలా? నవ్వకండి. అకారాది క్రమం కుదరకపోతే సూచీ ఉన్నా లేనట్టే. ఇంకా పుస్తకాలకి నంబర్లు వేసే డ్యూయీ. డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం మొత్తానికి ఒకటే నంబరు, 894.827. అమెరికాలో గ్రంథాలయానికి అది సరిపోతుంది, వాళ్ళ దగ్గర తెలుగు పుస్తకాలు ఒక అర నిండితే గొప్ప. మా దగ్గర బీరువాలన్నీ అవే. అన్ని పుస్తకాల వీపుల మీదా 894.827 అని చీటీలంటిస్తే అది వర్గీకరణా, వెర్రా? రంగనాథన్ గారి కోలన్ పద్ధతిలో తెలుగు భాషకి 35, అక్కడా పాఠకుడు అడిగే తీరులో విడదియ్యరు. పాఠకుడు "సాంఘిక నవల ఉందా, డిటెక్టివ్ ఉందా, పిల్లల బొమ్మల పుస్తకం ఉందా" అంటాడు. కాబట్టి పాయింటు తరవాత అంకెలు పొడిగించీ, రంగు కాగితం ముక్కలంటించీ ఎవరి తిప్పలు వాళ్ళు పడ్డారు. ఆ తిప్పలే వ్యాసాలు.

బైండింగు మీద కూడా రాశాం. మైదా జిగురులో మైలుతుత్తం ఎంత కలిపితే పురుగు పట్టదు, ఎంత మించితే కాగితం రంగు మారుతుంది. ఆ సంగతి మళ్ళీ ఎత్తను, మా మనవరాలు మొహం అదోలా పెడుతుంది.

పెద్దవాళ్ళూ రాసేవారు. వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అబ్బూరి రామకృష్ణారావు గారు లైబ్రేరియనుగా చేశారు, ఆయన కవి, నాటకాల మనిషి. గ్రంథాలయ శాస్త్రాన్ని తెలుగులో చదువుకునేలా చేసిన వెలగా వెంకటప్పయ్య గారు పిల్లల సాహిత్యం మీదా అంతే ఓపిగ్గా పనిచేశారు. పెద్దవాళ్ళ పక్కనే, అదే పత్రికలో, ఒక పల్లె లైబ్రేరియను 'మా ఊరి పాఠకులు' అంటూ రాసిన ముక్కా పడేది. పంక్తిలో వడ్డన తేడా లేదు.

ఇప్పుడు చూడండి. మా మనవరాలు చూపించిన వ్యాసాల పేర్లు చదివాను. ఫలానా కాలేజీ విద్యార్థుల్లో ఈ-వనరుల వినియోగం, అవగాహన: ఒక సర్వే. దాని కిందది ఇంకో జిల్లాలో ఇంకో కాలేజీ విద్యార్థుల్లో ఈ-వనరుల వినియోగం, అవగాహన: ఒక అధ్యయనం. దాని కిందదీ అంతే. లోపల ఒక ప్రశ్నావళి, ఎంతమందికి పంచారు, ఎంతమంది తిరిగిచ్చారు, ఆడపిల్లలెంత, మగపిల్లలెంత, రంగురంగుల గుండ్రటి పటం, చివర సిఫారసు. సిఫారసు ఎప్పుడూ ఒక్కటే, అవగాహన కార్యక్రమాలు పెంచాలి. అవగాహన పెంచాలని కనుక్కోవడానికి ఇంతమంది పిల్లల చేత కాగితాలు నింపించాలేటి? లైబ్రేరియను ఒక రోజు కుర్చీలోంచి లేచి బీరువాల మధ్య నిలబడితే తెలిసిపోదా?

"తాతా, పాయింట్లు కావాలి" అంది మనవరాలు. పాయింట్లంటే 2010లో యూజీసీ వాళ్ళు పెట్టిన లెక్క. అచ్చయిన వ్యాసానికి ఇన్ని, పుస్తకానికి ఇన్ని, సదస్సుకి ఇన్ని. ఆ లెక్కొచ్చాక పత్రికలు కూడా వానాకాలం పుట్టగొడుగుల్లా పుట్టేశాయి. రుసుము కడితే రెండు రోజుల్లో 'మీ వ్యాసం ఆమోదించబడింది'. చదివారా అని అడక్కండి, కట్టారా అని అడగండి. యూజీసీ వాళ్ళే పత్రికలకి ఒక జాబితా కట్టి, 2018లో దాంట్లోంచి నాలుగు వేల మూడొందల పైచిలుకు పత్రికల్ని ఒక్కదెబ్బకి తీసేశారు. తరవాత కేర్ అని ఇంకో జాబితా. దాన్నీ 2025 ఫిబ్రవరిలో ఎత్తేశారు, ఏ పత్రిక మంచిదో కాలేజీలే తేల్చుకోండన్నారు. మంచి పత్రికని గుర్తుపట్టడం అనేది లైబ్రేరియను పని కదండీ! తరతరాలుగా మేం చేసింది అదే. ఆ పనిని ఒక జాబితాకి అప్పగించి, ఆ జాబితాని చించేసి, ఇప్పుడు మళ్ళీ మన మొహం చూస్తున్నారు.

నాకు కూడా ఈమెయిలు వస్తుంది, తెలుసా? పెన్షను పనికని ఎవరో కుర్రాడు పెట్టించి ఇచ్చిన ఈమెయిలు. ఎక్కడ పట్టారో పట్టారు. 'మహామహులైన ప్రొఫెసరు గారికి' అని మొదలు. మీ విశిష్ట పరిశోధన చూసి ముగ్ధులమయ్యాం, మా గుండెజబ్బుల పత్రికకి వ్యాసం పంపండి అని. నేను గ్రేడ్ మూడు లైబ్రేరియనుగా రిటైరయ్యాను. గుండెకి సంబంధించి నాకు తెలిసిందల్లా, పుస్తకాల లెక్క తప్పితే అది ఎలా కొట్టుకుంటుందో అన్నదే.

ఇంకొకటి, పోలిక శాతం. వ్యాసాన్ని మిషనులో పెడితే, ఎక్కడెక్కడ ఎవరి మాటలతో కలుస్తోందో పచ్చగా ఎర్రగా రాసి చూపిస్తుంది. పది శాతం లోపుంటే తప్పు లేదని 2018 నిబంధన. మంచిదే, దొంగతనం తగ్గాలి. కానీ ఆ మిషను మా మనవరాలి కాలేజీ పేరు కూడా దొంగ సొత్తే అంది, ఇంకెవరో అదే పేరు రాశారని. ఇంగ్లీషులో కాజేసి తెలుగులో తిరగరాస్తే మాత్రం దానికి చెవులు వినబడవు. మా కాలంలో కాపీ కొడితే సంపాదకుడు పట్టేవాడు, ఎందుకంటే ఆయన చదివినవాడు. పట్టాక ఆ మనిషి మొహం సభలో చూడాల్సొచ్చేది, ఆ సిగ్గు శాతంలో తేలేది కాదు.

అన్నీ చెడ్డవే అనను. సమీక్షకుడికి రాసినవాడి పేరు తెలియనివ్వరట, రాసినవాడికి సమీక్షకుడెవరో తెలియదట. చీపురుపల్లి నుంచి పంపినా ఢిల్లీ నుంచి పంపినా కాగితం ఒకటే. మా రోజుల్లో ఎవరి శిష్యుడు, ఎవరి ఊరు అన్న చూపు ఎక్కడా లేదని నేను ప్రమాణం చెయ్యలేను. చదవడమూ సులువైంది. 1954లో మొదలైన ఆ ఇంగ్లీషు గ్రంథాలయశాస్త్ర పత్రిక, రంగనాథన్ గారు నడిపిన అన్నల్స్, దాని ఒక సంచిక చూడాలంటే నేను బండెక్కి వాల్తేరు పోయేవాణ్ణి. ఇప్పుడు మా మనవరాలు మంచం మీద కూర్చుని ఫోన్లో తీస్తుంది. డెసిడాక్ వాళ్ళ గ్రంథాలయశాస్త్ర పత్రిక మొత్తం డబ్బు లేకుండా చదువుకోవచ్చట. తీస్తుంది సరే, చదువుతోందా? "చదివే టైమేదీ తాతా, రాయాలి కదా" అంది. ఇంతకన్నా నేనేం చెప్పను?

అయితే మొన్న పండక్కి అది తెచ్చిన వ్యాసం సర్వే కాదు. వాళ్ళ కాలేజీలో కోహా అనే కంప్యూటరు సూచీ పెట్టారు, న్యూజిలాండ్ వాళ్ళు తయారుచేసి ఊరికే ఇచ్చిన సరుకు. దాంట్లో తెలుగు రచయితల పేర్లు వెతికితే దొరకడం లేదట. ఒకచోట శ్రీశ్రీ అనీ, ఇంకోచోట శ్రీనివాసరావు అనీ, ఇంకోచోట ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు రకాల స్పెల్లింగులతోనూ ఎక్కించారట. పిల్లలు వెతికి, లేదనుకుని పోతున్నారట, పుస్తకమేమో బీరువాలోనే ఉంది. నాకు నవ్వాగలేదు. ఆ సొరుగులూ ఆ కార్డులూ ఏ పాతసామాను కొట్టుకో పోయాయి కానీ తగాదా మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. కార్బను నకళ్ళున్న నా ట్రంకు పెట్టె తీయించి, పాత కాగితాలు దాని ముందు పోశాను. రెండు రోజులు చదివింది. అడిగింది, గీత గీసింది, ఇక్కడ నువ్వు చెప్పింది కంప్యూటరుకి వర్తించదు తాతా అని మొహమ్మీదే అంది. అదీ చదవడమంటే.

"దీన్ని తెలుగులో రాసి విజయవాడ, సర్వస్వానికి పంపు, లైబ్రరీల్లో పనిచేసేవాళ్ళు చదువుతారు" అన్నాను. తెలుగులో రాస్తే పాయింట్లు రావంది. "ఇంగ్లీషులో ఒకటి పాయింట్లకి రాసుకో, తెలుగులో ఒకటి మనుషులకి రాయి" అన్నాను. రెండిటికీ ఒప్పుకుంది కానీ ఒక షరతు పెట్టింది, ఇంగ్లీషు దాంట్లో నా పేరు కూడా వేస్తానని. నేను వద్దన్నాను. ఇప్పుడు ఒక వ్యాసానికి అయిదుగురు రచయితలుంటారు, అందులో ఒకరు చదివి కూడా ఉండరు, ఆ గుంపులో నేనెందుకు? "నీ కాగితాలు వాడుకుని నీ పేరు లేకపోతే అదే దొంగతనం" అంది. నోరు మూయించింది.

సరే కొట్టమన్నాను. ఫారంలో రెండు గడులు, ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్. రెండూ తప్పనిసరి, వాటి పక్కన ఎర్ర చుక్కలు.

"నీ ఇంటిపేరు లాస్ట్ గడిలో వెయ్యాలి తాతా."

"నా ఇంటిపేరు ఎప్పుడూ ముందే ఉందే."

"ముందు వేస్తే రేపు ఎవరైనా ఉదహరించినప్పుడు నీ పేరు తిరగబడిపోతుంది."

"ఇప్పుడు మాత్రం నిలబడి ఉందేటి? ఇంతకీ నీ వ్యాసం దేని గురించి?"

అప్పుడు ఇద్దరం కూర్చుని ఆ గడుల మీదే దెబ్బలాడుకున్నాం. వాళ్ళ అమ్మమ్మ అన్నానికి పిలిచి పిలిచి విసిగిపోయింది. చివరికి దాని మాటే నెగ్గింది, ఇంటిపేరు వెనక్కి పోయింది. దాని కింద ఇంకో గడి, సంస్థ పేరు.

"రిటైరైనవాడికి సంస్థేమిటమ్మా?"

"ఏదో ఒకటి వెయ్యకపోతే ఇది ముందుకి కదలదు తాతా."

చీపురుపల్లి అని కొట్టమన్నాను. కొట్టింది. తీసుకుంది.